పడవ బొమ్మ ఎలా ఉంది?

ఆ ఊళ్లో ఒకటే సినిమా హాలు, ఒకటే మంగలి షాపు ఉండేవి. హాల్లో బొమ్మ వారానికొకటి మారేది. షాపులో అభిప్రాయం మనిషికొకటి మారేది.

షాపు నూకరాజుది. హాలుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతలి పక్కన ఉండేది. ఆట వదలగానే జనం గడ్డం పెరిగినా పెరక్కపోయినా అక్కడికే వచ్చేవారు. హీరో వయసు గురించి, హీరోయిన్ చీరల గురించి, ఈ కాలం పాటల గురించి, ఆ పాటలు విని పాడైపోతున్న కుర్రకారు గురించి, కరెంటు కోత గురించి, దేశం ఎటు పోతోందన్న సంగతి గురించి, ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవారు. నూకరాజు అందరికీ ఒకటే జవాబు చెప్పేవాడు.

"అంతేనండి."

అది వాళ్ల నాన్న నేర్పిన మాట. "కత్తి చేతిలో ఉన్నోడు కాదనకూడదురా" అనేవాడు ఆయన. "కాదన్నావా, అవతలోడు తల తిప్పుతాడు. తిప్పితే తెగుతుంది." ఇరవై ఏళ్లలో నూకరాజు చేతిలో ఒక్క చెంపా తెగలేదు. బొమ్మ బాగుందన్నవాడూ, బాగాలేదన్నవాడూ ఒకే నునుపుతో, ఒకే తృప్తితో ఇంటికి వెళ్లేవారు.

షాపు లోపల ఒక కుర్చీ ఉండేది. దానికి తోలు దిండు, తల ఆన్చుకునే చెక్క, ఎదురుగా నిలువెత్తు అద్దం. షాపు బయట, చూరు కింద, ఒక ముక్కాలిపీట ఉండేది. దానికి అద్దం లేదు. ఊరి చివర పల్లం వీధి వాళ్లు వస్తే ఆ పీట మీద కూచునేవారు. అక్కడే కూచోవాలని ఎవరూ బోర్డు కట్టలేదు. నూకరాజు ఎన్నడూ నోరు తెరిచి చెప్పలేదు. పీట అక్కడుంది కాబట్టి వాళ్లు అక్కడ కూచునేవారు. వాళ్లు కూచుంటున్నారు కాబట్టి పీట అక్కడే ఉండేది.

ఆ పీట మీద కూచునేవాళ్లలో పోలయ్య ఒకడు. హాలువాళ్లకి పోస్టర్లు అంటించడం అతని పని. ఓ చేతిలో మైదా జిగురు బకెట్టు, భుజాన నిచ్చెన. ఊరికొచ్చిన ప్రతి బొమ్మనీ అందరికంటే ముందు చూసేవాడు, అందరికంటే ఎక్కువసార్లు చూసేవాడు. లోపల కుర్చీ చుట్టూ అందరూ గొంతులు చించుకుంటుంటే బయట పీట మీద కూచుని వినేవాడు. నీకెలా ఉందని అతన్ని ఒక్కరూ అడిగి ఎరగరు.

ఒక శుక్రవారం ఆ ఊరికి పడవ బొమ్మ వచ్చింది.

దాని అసలు పేరు వేరే ఏదో గాని, ఊరంతా పడవ బొమ్మ అనే పిలిచింది. అందులో ఒక ఏరు, ఒక రేవు, ఒక పడవ. ఏరు దాటేవాళ్లలో కొందరు బల్లల మీద కూచుంటారు. కొందరు పడవ చివర, చిల్లులోంచి ఊరే నీళ్లలో, పాదాలు నానుతూ నిలబడతారు. హీరో వచ్చి అందరూ కూచోవాల్సిందే అంటాడు. దాని మీద తగువులు, కొట్లాటలు, ఒక వరద, నాలుగు పాటలు.

బొమ్మలో పడవ నిలిచింది గాని ఊరు మాత్రం రెండు ముక్కలైంది.

రిటైరైన తెలుగు మేష్టారు దాన్ని మూడుసార్లు చూశారు, మూడుసార్లూ ఏడ్చారు. నూకరాజు కుర్చీలో కూచుని, నురగ పట్టించిన మొహంతోనే చెప్పారు. "ప్రతి మనిషీ చూడాల్సిన చిత్రమయ్యా. కళ్లు తెరిపించే చిత్రం. ఈ ఊరు మారాలి."

"అంతేనండి" అన్నాడు నూకరాజు.

మర్నాడు బియ్యం మిల్లు షావుకారు వచ్చి అదే కుర్చీలో కూచున్నాడు. "లేని గొడవలు రేపడానికి కాకపోతే ఎందుకోయ్ ఇలాంటి బొమ్మలు? మన ఊళ్లో ఎవరైనా ఎవర్నైనా నిలబెట్టారా? ఆ ఫిలిం పెట్టెని వచ్చిన బండికే ఎక్కించి పంపేయాలి."

"అంతేనండి" అన్నాడు నూకరాజు.

మూడోనాడు ఇద్దరూ ఒకేసారి వచ్చారు. షావుకారు కుర్చీలో ఉన్నాడు, ఒక చెంప గీయడం అయింది, రెండో చెంప నిండా నురగ. మేష్టారు బెంచీ మీద కూచుని పేపరు చదువుతున్నట్టే చదువుతూ, "బొమ్మని ఆపించాలని కలెక్టరుకి అర్జీ పెట్టారట కొందరు మహానుభావులు" అన్నారు.

"పెట్టాను. నూకరాజు కూడా నా మాటే అన్నాడు" అన్నాడు షావుకారు.

మేష్టారు పేపరు దించారు. "నూకరాజు నా మాటన్నాడు. మొన్న, ఈ కుర్చీలోనే."

షావుకారు తల తిప్పాడు. నూకరాజు కత్తి పైకెత్తబట్టి సరిపోయింది. అద్దంలో రెండు మొహాలు అతన్నే చూస్తున్నాయి.

"అసలు నువ్వు చూశావా ఆ బొమ్మ?" అడిగారు మేష్టారు.

"లేదండి. షాపు కట్టేసి ఎళ్లడం కుదరదు గదండి."

"చూడకుండానే ఇద్దరికీ తలూపావన్నమాట!" ఆ ఒక్క మాట దగ్గర ఇద్దరికీ రాజీ కుదిరింది, ఇద్దరూ కలిసే అన్నారు. "చూసి రా. చూసి, నీకెలా ఉందో అందరి ముందూ చెప్పు. చెప్పిందాకా నీ కుర్చీ ఎక్కం."

షావుకారు అన్నంత పనీ చేశాడు. రెండో చెంప నురగ తుడుచుకుని, సగం గడ్డంతోనే లేచి వెళ్లిపోయాడు.

నూకరాజుకి అన్నం సయించలేదు. బాగుందంటే షావుకారు మనుషులు రారు. బాగాలేదంటే మేష్టారి మనుషులు రారు. ఎటు చెప్పినా సగం ఊరి గడ్డాలు పోతాయి.

"దానికింత ఆలోచనేటి?" అంది భార్య పైడమ్మ. "నీకేటనిపిస్తే అదే చెప్పు."

"అదేనే నా బాధ. నాకేటనిపిస్తాదో నాకు తెలీదు. ఎప్పుడూ అనిపించుకోలేదు."

మంగళవారం షాపుకి సెలవు. మ్యాట్నీకి వెళ్లాడు. హాలు సగం నిండింది. చుట్టూ అందరూ హీరో వచ్చినప్పుడు ఈలలేశారు, వరదొచ్చినప్పుడు ఊపిరి బిగబట్టారు. నూకరాజు కూడా మొదట హీరోనే చూశాడు. కాసేపటికి అతని చూపు పడవ నడిపేవాడి మీద పడింది.

ఆ పడవవాడికి బొమ్మలో మాటల్లేవు. ఎవరెక్కినా గడ వేసేవాడు, దించేవాడు. ఎవరినీ నిలబడమనలేదు. ఎవరినీ కూచోమనీ అనలేదు. తగువులొచ్చినప్పుడు ఏట్లోకి చూస్తూ నిలబడ్డాడు. మంచివాడిలాగే ఉన్నాడు. చివరికి అందరి కష్టం తీరాక, అందరూ నవ్వుతూ దిగిపోయాక, ఖాళీ పడవలో ఒక్కడూ గడ పట్టుకుని ఉండగా తెర మూశారు. మూడుసార్లు చూసిన మేష్టారు ఆ మనిషి మాటెత్తలేదు. షావుకారూ ఎత్తలేదు.

ఆట వదిలాక నూకరాజు కాళ్లు ఇంటి వైపు పోలేదు. హాలు పక్క గోడ మీద పోలయ్య నిచ్చెనెక్కి, వచ్చే శుక్రవారం బొమ్మ తాలూకు పోస్టరు అంటిస్తున్నాడు.

"పోలయ్యా" అన్నాడు నూకరాజు కిందనుంచి. "పడవ బొమ్మ నీకెలాగుంది?"

పోలయ్య కుంచె ఆగింది. జిగురు చుక్క ఒకటి నూకరాజు చెప్పు మీద పడింది. "నన్నేనా అడుగుతున్నావు, రాజన్నా?"

"నిన్నే."

పోలయ్య ఒక మెట్టు దిగాడు. ఆలోచించాడు. అది అలవాటు లేని పని కాదు గాని, పైకి చెప్పడమే అతనికి కొత్త. "నీళ్లు బాగా తీశారు. రెండో పాట బాగుంది. కొట్లాటలు ఎక్కువైనాయి." మరో మెట్టు దిగాడు. "ఇంకోటి. కూచున్నోళ్లందరికీ పేర్లున్నాయి, గమనించావా? నిలబడ్డోళ్లలో ఒక్కడికీ పేరెట్టలేదు. తీసినోడు మంచోడే. మర్చిపోయినట్టున్నాడు."

నూకరాజు తలూపబోయి ఆగాడు. అతని నోటికి అలవాటైన మాట రాలేదు. పోలయ్య దిగేదాకా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. ఆ తరవాత, "రేపు పొద్దున్నే షాపుకి రా" అన్నాడు.

బుధవారం పొద్దున్న షాపు ముందు ఇరవై మంది మూగారు. సగం గడ్డంతో షావుకారు వచ్చాడు. ఆరోజు పదకొండింటికి మిల్లు సంఘం వాళ్ల ఫోటో ఉంది, అందులో మధ్య కుర్చీ అతనిది. మేష్టారు ఇస్త్రీ లాల్చీ వేసుకుని వచ్చారు. పోలయ్య అందరి వెనకా వచ్చి, అలవాటుగా చూరు కిందికి చూశాడు. పీట లేదు.

"చెప్పవయ్యా" అన్నారు మేష్టారు. "ఎలా ఉంది బొమ్మ?"

నూకరాజు కుర్చీ దిండు దులిపాడు. "పోలయ్యా, వచ్చి కూచో."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. పోలయ్య గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "బయటే కూచుంటాను, రాజన్నా. ఎందుకొచ్చిన తంటా."

"బయట ఏటీ లేదు. పైడమ్మ పీటని పెరట్లోకి తీసుకుపోయింది, బట్టలుతుక్కోడానికి. ఉన్నది ఈ కుర్చీ ఒక్కటే."

నూకరాజుకి కాదనడం రాదు. ఇది కాదనడమో అవుననడమో కూడా అతనికి తెలీలేదు. తుండుగుడ్డ దులిపి పట్టుకుని నిలబడ్డాడు, అంతే. పోలయ్య ఆ తుండుగుడ్డని చూశాడు. చూసి, వచ్చి కూచున్నాడు.

నూకరాజు నురగ పట్టించాడు. పోలయ్య అద్దంలోకి చూస్తున్నాడు, కన్నార్పకుండా. కత్తి సగం పని చేశాక మెల్లిగా అన్నాడు. "రాజన్నా, నా మీసం ఎడం పక్క దిగినట్టుందే."

నూకరాజు వంగి చూశాడు. నిజమే. ఇరవై ఏళ్లుగా దిగే ఉంది. అద్దంలో చూసుకోలేని మనిషి అడగలేదు, తనూ దిద్దలేదు. నూకరాజు చెవులు ఎర్రబడ్డాయి. చిన్న కత్తెర తీసి, ఊపిరి బిగపట్టి, రెండు పక్కలా సమానం చేశాడు. పటిక రుద్దాడు. పోలయ్య అటూ ఇటూ తిరిగి చూసుకుని లేచాడు.

"తరవాత ఎవరండి?" అన్నాడు నూకరాజు.

వరస ప్రకారం మేష్టారిది. మేష్టారు కుర్చీ దాకా వచ్చారు. దిండు మీద పోలయ్య కూచున్న నొక్కు ఇంకా ఉంది. ఆయన కళ్లద్దాలు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నారు. "అన్నట్టు, ఇవాళ నా జన్మ నక్షత్రం కదూ. గడ్డం పనికిరాదు. మర్చేపోయాను" అని, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయారు. ఆయన వెనకే ఏడెనిమిది మంది వెళ్లారు. వాళ్లలో బొమ్మ బాగుందన్నవాళ్లూ ఉన్నారు, బాగాలేదన్నవాళ్లూ ఉన్నారు.

షావుకారు గోడ గడియారం చూశాడు, తన సగం గడ్డం తడుముకున్నాడు. "ఇదంతా ఆ పాడు బొమ్మ పెట్టిన చిచ్చు" అని సణిగాడు. "నా మాట మారదు. పరమ దరిద్రంగా ఉంది." సణుగుతూనే వచ్చి దబ్బున కూచున్నాడు. "కుర్చీ వెచ్చగా ఉందేమిటోయ్?"

"మనిషి లేచిన కుర్చీ గదండి" అన్నాడు నూకరాజు.

"ఊఁ. కానీ, కానీ. ఫోటోకి టైమవుతోంది."

బొమ్మ ఎలా ఉందని ఆరోజు మరెవరూ అడగలేదు.

కొందరు పక్క ఊరి షాపుకి పోయారు. బస్సు ఛార్జీలకీ, అక్కడి మొండి కత్తికీ విసుగెత్తి ఒక్కొక్కరే తిరిగొచ్చారు. మేష్టారు మాత్రం రాలేదు. మూడు వారాలకి గడ్డం ఆయన మొహమంతా కమ్మేసింది. ఒక మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"నేను నిజంగానే ఏడ్చానయ్యా నూకరాజూ. నటన కాదు."

"తెలుసండి."

"ఏడవడం సులువుగానే ఉండింది" అన్నారు మేష్టారు. కాసేపు కుర్చీని చూశారు. అప్పటికి ఎంతమంది కూచుని లేచారో ఆ దిండుకే తెలీదు. ఆయన చెప్పులు విడిచి, బళ్లో కొత్తగా చేరిన పిల్లాడిలా బిడియపడుతూ వచ్చి కూచున్నారు. నూకరాజు ఆయన గడ్డాన్ని ఎంతో నెమ్మదిగా, ఎంతో ప్రేమగా తీశాడు. ఆ గడ్డం కింద మేష్టారు పదేళ్లు చిన్నవాడిలా బయటపడ్డారు.

పడవ బొమ్మ ఏనాడో వెళ్లిపోయింది. దాని తరవాత మూడు నాలుగు బొమ్మలు మారాక, ఒక దొంగ పెళ్లికొడుకు వేషం వేసే నవ్వుల బొమ్మ వచ్చింది. ఆ ఆదివారం షాపు కిటకిటలాడింది. మేష్టారు కుర్చీలో ఉన్నారు. బెంచీ మీద షావుకారు, అతని పక్కన పోలయ్య, మిగిలినవాళ్లు గోడలకి ఆనుకుని ఉన్నారు.

"మొదటి సగం బాగా నవ్వించాడు" అన్నాడు పోలయ్య, ఎవరూ అడక్కుండానే. "రెండో సగం సాగదీశాడు."

షావుకారు గిర్రున తిరిగాడు. "ఏమిటీ, సాగదీశాడా? ఏం చూశావయ్యా నువ్వు? అసలు బొమ్మంతా రెండో సగంలోనే ఉంది!"

"మీరు రెండో సగంలో నిద్రపోయారండి. నేను గేటు కాడ నిలబడి చూశాను."

షావుకారు మొహం ఎర్రబడింది. "నిద్రపోతే మాత్రం? చెవులు పనిచేయవా? ఆ పెళ్లి పందిట్లో సీను నువ్వు సరిగ్గా అర్థం చేసుకోలేదు. తప్పు నీది. చెబుతాను విను!"

"చెప్పండి, చెప్పండి. నేనూ చెబుతాను" అంటూ పోలయ్య బెంచీ మీద సర్దుకుని, అతని వైపు తిరిగి కూచున్నాడు.

ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ వాదించుకోసాగారు. నూకరాజు కత్తెర ఆపేశాడు. "ఏమయ్యా, ఆపేశావు?" అన్నారు మేష్టారు. నూకరాజు కళ్లు మూసుకుని, నవ్వు మొహంతో, ఆ పోట్లాట వింటున్నాడు.

ఆ ఊళ్లో పోలయ్య మాటని ఒకరు తప్పనడం అదే మొదలు.