కొండవంచ పొలిమేర

ఫణీంద్రకు నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదు. కొండవంచ కోయలు ఏ జమీందారుకూ లోబడకుండా తమ కొండను తామే ఏలుకున్నారని అతను పరిశోధనలో రాశాడు. ఆ కొండ మీద హక్కు ఎవరిదో తేల్చే విచారణ ఎల్లుండే. చరిత్రకారుడిగా అతను వెళ్లి సాక్ష్యం చెప్పాలి. చేతిలో ఒక్క ఆధారమూ లేదు.

కొండవంచ ఊరి పెద్ద ఇంట్లో పాత రాగిరేకు శాసనం ఒకటుందని విని, గురువు కామేశ్వరిగారిని వెంటబెట్టుకుని బయల్దేరాడు. ఆవిడ ముప్పై అయిదేళ్లుగా ఈ కొండల చరిత్ర మీదే పనిచేస్తున్నారు.

పొలిమేరలో దారికి అడ్డంగా పచ్చి వెదురు కట్టి ఉంది. అవతల నలుగురు విల్లంబులతో నిలబడ్డారు. వాళ్ల ముందు ఊరి పెద్ద సోడె ముత్తయ్య.

"విత్తనాల పండగ. మూడు రోజులు బయటివాళ్లు రాకూడదని ఊరంతా కూర్చుని అనుకున్నాం," అన్నాడు.

"కలెక్టరుగారి అనుమతి ఉంది," ఫణీంద్ర కాగితం తీశాడు.

ముత్తయ్య దానివైపు చూడలేదు.

"పెద్దాయనా, ఇది మీ మంచికే. మీ ఇంట్లో ఉన్న రాగిరేకు విచారణలో చూపించకపోతే కొండ పోతుంది."

"మా మంచేదో మేం మాట్లాడుకునే ఈ మాట అనుకున్నాం."

ఫణీంద్ర వెదురు మీద చెయ్యి వేసి దాటడానికి కాలెత్తాడు. అవతల ఒకతను నారికి బాణం తొడిగాడు.

కామేశ్వరిగారు ఫణీంద్ర మణికట్టు పట్టుకుని వెనక్కి లాగారు. ముత్తయ్యకు దండం పెట్టారు.

"పండగయ్యాక రావచ్చా?"

"ఊరిని అడిగి కబురు చేస్తాను."

ఆవిడ వెనుదిరిగి నడిచారు. చేసేది లేక ఫణీంద్ర కూడా నడిచాడు. వాగు దాటగానే ఆవిడను నిలదీశాడు.

"ముప్పై అయిదేళ్లు వాళ్ల కోసం పనిచేశారు. ఒక్క మాట గట్టిగా అడగాల్సింది మేడమ్. ఎల్లుండి నేనేం చెప్పను?"

"ఇవాళ ఏం జరిగింది ఫణీ?"

"ఏం జరగలేదు. కలెక్టరు వెళ్లమన్నాడు. ఊరు వద్దంది. మనం తిరిగొచ్చేశాం."

ఆ మాట అంటూనే అతను ఆగిపోయాడు.

"ఎల్లుండి అదే చెప్పు. ఆ కొండను ఏలేది ఎవరో నువ్వే చూశావుగా," అన్నారావిడ.