ఉద్దండవర్మ సాగదీసిన గడియ

అనగా అనగా, గడియారాలకు ముళ్ళు లేని రోజుల్లో, పొగడకోట అని ఒక రాజ్యం ఉండేది. అక్కడ కాలాన్ని కొలిచేది ఒక రాగి కుడుక, అంటే చిన్న గిన్నె. దాని అడుగున పెసరగింజంత రంధ్రం. నీళ్ళ తొట్టిలో వదిలితే మెల్లగా నిండి మునిగేది. మునగగానే, కాపలా ఉండే నూకాలు గంట కొట్టేది. అదొక గడియ.

పొద్దున మొదలుపెట్టి ఇరవయ్యో గంట మోగితే, పల్లకీ మోసే బోయీ నుంచి మంత్రి దాకా అందరూ పని ఆపాలి. అది రాజుగారి తాత పెట్టిన చట్టం.

రాజు ఉద్దండవర్మకు ఆ చట్టం నచ్చలేదు. తాత మాట తీసెయ్యడానికి ధైర్యమూ చాలలేదు. బాగా ఆలోచించి నూకాలును పిలిచాడు.

"రంధ్రం ఆవగింజంత చేయించు. గడియలు ఇరవయ్యే. చట్టం చట్టమే."

గడియ పొడుగైంది. నెల తిరక్కుండా నూకాలు భర్త, బోయీ ముత్యాలు, కళ్ళు మండుతున్నాయన్నాడు, గుండె దడ అన్నాడు, నిద్ర పట్టడం లేదన్నాడు. ఆస్థాన వైద్యుడు ధన్వయ్య నాడి చూశాడు.

"దీని పేరు బద్ధకం. ఇంకాస్త పని చేస్తే అదే పోతుంది."

రాజు రంధ్రాన్ని గసగసాల గింజంత చేయించాడు. ఈసారి ఉత్తరాలు రాసే రాయసం తిప్పన పడ్డాడు. అవే కళ్ళు, అదే దడ, అదే నిద్రలేమి.

"దీని పేరు దిష్టి," అన్నాడు ధన్వయ్య. మిరియాల కషాయం ఇచ్చి, తాగుతూనే రాయమన్నాడు.

మూడోసారి రంధ్రం సూదిమొనంత అయింది. మంత్రి సునందుడు సభలో కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. మళ్ళీ కళ్ళ మంట, దడ, నిద్రలేమి. ధన్వయ్య ముఖం గంభీరంగా పెట్టాడు.

"ఇది రాజ్యభార జ్వరం. నుదుట మంచిగంధం పూయాలి. తోటలో పది రోజులు మంచం దిగకూడదు."

పది రోజుల్లో మంత్రి లేచి తిరిగాడు. "గంధం మహిమ," అన్నాడు రాజు. "అందరికీ పూయండి."

తిప్పన గంధం పూసుకుని రాశాడు. బోయీలు గంధం పూసుకుని మోశారు. రాజ్యమంతా గుమగుమలాడింది. మర్నాడు నది దారిలో ముత్యాలు నడుస్తూనే నిద్రలోకి జారాడు. పల్లకీ ఒరిగింది. రాజు వరిమడిలో కూర్చున్నాడు, కిరీటంతో సహా.

"ముత్యాలును పనిలోంచి తియ్యండి. ఊళ్ళోంచి కూడా," అన్నాడు సభకు వచ్చి.

నూకాలు ముందుకొచ్చింది. "మారాజా, ఒక్క మాట. మంత్రిగారి గంధం, మా ఆయన గంధం ఒక్క గిన్నెలోదే. ఆయనకు దక్కి మా ఆయనకు దక్కనిది మంచం ఒక్కటే."

ధన్వయ్య దగ్గాడు. "జబ్బులు వేరమ్మా."

"వేరెలా అవుతాయి బాబూ? ముగ్గురూ చెప్పింది ఒకటే. మీరు పెట్టిన పేర్లే మూడు."

సభలో ఎవరో నవ్వారు. చూస్తే, మంత్రే.

"అందరూ మంచమెక్కితే పనులెలా?" అన్నాడు రాజు.

"ఇప్పుడు మాత్రం అవుతున్నాయా? కుడుక కాసేదాన్ని గనక నాకు తెలుసు. పెసరగింజ రోజుల్లో కోట నుంచి నదికి రెండు గడియల దారి. సూదిమొన గడియల్లోనూ రెండే. గడియ సాగింది, బోయీల నడకా సాగింది. తిప్పనగారు రోజుకు పది ఉత్తరాలు రాసేవారు. ఇప్పుడూ పదే. అందులో మూడు తప్పులతడక."

రాజు తిప్పన వైపు తిరిగాడు. "నిజమేనా?"

"నాలుగు, మహాప్రభో," అన్నాడు తిప్పన.

మంత్రి మెల్లగా అందుకున్నాడు. "ప్రభూ, తమ భోజనం కూడా పదో గంటకే కదా, ఆ గంటా ఆలస్యమైపోయింది. కొన్నాళ్ళుగా తమరూ కళ్ళు నలుపుకుంటున్నారు."

రాజు నలుపుకుంటున్న చెయ్యి దించాడు.

"సరే. రంధ్రం మళ్ళీ పెసరగింజంత చేయించు. ముత్యాలు పనిలోనే ఉంటాడు. బోయీలనూ తిప్పననూ మూడు రోజులు పడుకోమను."

"మంత్రిగారికి పది, మారాజా."

"పది రోజులు నేను దేంట్లో తిరగను?"

"కాళ్ళున్నాయిగా, మారాజా."

పది రోజులు రాజు నడిచాడు. తిప్పన, బోయీలు పడుకున్నారు. పదకొండో నాడు ముత్యాలు లేచి పల్లకీ భుజానికెత్తుకున్నాడు. ధన్వయ్య మాత్రం ఆ మూడు జబ్బులకూ కలిపి కొత్త పేరు వెతుకుతూనే ఉన్నాడు.

నీతి: అలసట అంతస్తు చూసి రాదు, విశ్రాంతినీ అంతస్తు చూసి ఇవ్వకూడదు.