చివర పూసిన చలికూర

అనగనగా ఎండకన్నా చలికే అలవాటుపడ్డ ఒక కొండ. ఆ కొండ వాలున ముప్పై గడపల ఊరు. ఊరి పేరు నీలిగట్టు.

మార్గశిరం వచ్చిందంటే నీలిగట్టులో తెల్లారేసరికి గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు ఉండేది. వంగతోట వాడిపోయేది. బచ్చలి తీగ నల్లబడేది. పాదులన్నీ చచ్చిపోయేవి. ఒక్క చలికూర మాత్రం నిలబడేది.

చలికూర ఆవమొక్కకు దగ్గరి చుట్టం. ఆకు మందంగా, అంచులు ముడతలు పడి, నీలం కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. మంచు పడితేనే దానికి తీపి వస్తుంది. ఊరి జనం కింది ఆకులు తుంచుకుంటూ, మొవ్వు వదిలేస్తూ, మూడు నెలలూ అదే తినేవారు. పొద్దున చోడి అంబలి, చలికూర. సాయంత్రం చలికూర, చోడి అంబలి. పిల్లలు విసుక్కునేవారు. తల్లులు వినిపించుకునేవారు కారు.

ఆ కూర గింజ దాచే పని ఊళ్లో ఒక్క ఇంటిదే. ఆ ఇంటి పెద్ద సన్యాసమ్మ. ప్రతి ఏడూ జ్యేష్ఠ పున్నమినాడు ఆమె గింజల కుండను అరుగు మీదికి తెచ్చి, ఇంటికో గుప్పెడు ఇచ్చేది. జనం ఆ గింజకు బూడిద కలిపి, సొరబుర్రల్లో పోసి దాచి, దసరా వెళ్లాక చల్లుకునేవారు. ఆమె గింజ తప్పిన ఏడు ఎవరికీ గుర్తులేదు.

ఒక ఏడు సన్యాసమ్మ ఇంటికి కొత్త కోడలు వచ్చింది. పేరు నూకాలు. పల్లపు ఊరి పిల్ల, చలి ఎరగదు. ఉన్న రెండు చీరలూ ఒకదాని మీద ఒకటి కట్టుకుని వాకిలి ఊడుస్తుంటే ఇరుగుపొరుగు నవ్వారు. సన్యాసమ్మ నవ్వలేదు. తన గొంగడి తెచ్చి కోడలి భుజాల మీద వేసి, "నవ్వేవాళ్లకి పళ్లు చల్లబడతాయి. నువ్వు ఊడువు," అంది.

పుష్యమాసంలో కబురు వచ్చింది. మూడు కొండల అవతల ఉన్న సన్యాసమ్మ కూతురు కడుపుతో ఉంది, ఒంట్లో బాగాలేదు, తల్లి తోడు కావాలి. సన్యాసమ్మ, ఆమెను దిగబెట్టి అక్కడే ఉండి మళ్లీ తీసుకురావడానికి కొడుకు ఎర్రయ్య, ప్రయాణం కట్టారు. వెళ్లేముందు ఆమె కోడలిని మడిలోకి తీసుకెళ్లింది.

"ఇటు చూడవే. ఈ వరస ఏటి చేస్తోంది?"

"పూత వేస్తోంది అత్తా."

"చలి పోకముందే పూసేస్తోంది. వీటికి తొందర. వీటి గింజ చల్లితే, పుట్టినవాటికీ అదే తొందర. నాలుగాకులు వెయ్యకుండానే పూకాడ లేపుతాయి. కాడ లేచాక ఆకు చేదు. అప్పుడు ఊరు తినేదేటి?"

"మరి ఏ గింజ తియ్యాలి?"

"అన్నిటికంటే వెనక పూసినవాటిది. ముందు పూసినవి పీకి కూరొండుకో. ఇదిగో, ఈ పన్నెండు మొక్కలూ పూత మాటే తలపెట్టకుండా ఆకు వేస్తూ కూచున్నాయి. ఎర్రదారం కట్టాను. వీటి ఆకు ఒక్కటి తుంచినా నా మీద ఒట్టే."

"ఒట్లెందుకత్తా. తుంచను."

"నీ మీద నమ్మకం లేక కాదే. ఒట్టు పెట్టడం నాకు అలవాటు."

అలా చెప్పి ఆమె వెళ్లిపోయింది.

నూకాలు అన్నీ చెప్పినట్టే చేసింది, ఒక్కటి తప్ప. ముందు పూసిన వరసను పీకలేకపోయింది. కొండంతా తెల్లగా, ఇల్లంతా ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో కంటికి కనిపించే రంగు ఆ పసుపు పూలొక్కటే. ఇవాళ పీకుదాం, రేపు పీకుదాం అనుకుంటూ వదిలేసింది. అవి పూశాయి, రాలాయి, కాయలు కట్టాయి.

ఒకనాటి పొద్దున కుందేలు వచ్చింది. దాని మీసాలు మంచుకు బిరుసెక్కి ఉన్నాయి.

"అమ్మీ, ఆకలి. రెండాకులు పెట్టు," అంది.

నూకాలు పూల వరస చూపించింది. "తిను. కాదన్నదెవరు?"

కుందేలు ఒక ఆకు కొరికి ఉమ్మేసింది. "పూసినది చేదు. ఆ దారం కట్టినది పెట్టు. వాసనకే నోరూరుతోంది."

"అది మా అత్త మొక్క."

"మీ అత్త మూడు కొండల అవతల ఉంది."

"ఆమె ఒట్టు ఇక్కడే ఉంది," అంది నూకాలు. ఇంటి వాడకానికి ఉంచిన మొక్కల కింది ఆకులు నాలుగు తెంపి కుందేలు ముందు వేసింది.

కుందేలు తిని మూతి తుడుచుకుంది. "పిసినారిదానివి. కానీ మంచిదానివే," అని పొదల్లోకి పోయింది.

పది రోజులకు బేరగాడు వచ్చాడు. కింద పట్నంలో పెళ్లి, కొండకూర కావాలన్నారట. వాడి చూపు తిన్నగా దారం కట్టిన మొక్కల మీదికి పోయింది. మూట విప్పి ఎర్రంచు ఉన్ని శాలువా తీశాడు.

"నాలుగు మొక్కలు ఇవ్వమ్మా, శాలువా నీదే. మిగతా ఎనిమిదీ మీ అత్తకు ఉండనే ఉంటాయి."

నూకాలు శాలువాను ముట్టుకుని చూసింది. మెత్తగా ఉంది. కాసేపు చెయ్యి దాని మీదే ఉంచింది. తరువాత మడత పెట్టి తిరిగిచ్చేసింది.

"చలికాలం సగం అయిపోయింది బాబూ. మిగతా సగం ఎలాగో వణుకుతాను," అంది.

మూడోసారి వచ్చింది మనిషి కాదు, మబ్బు.

అది చైత్రం. దారం కట్టిన మొక్కలు అప్పటికే పూత ముగించి కాయ కట్టాయి. కానీ కాయ ఇంకా పచ్చి. ముందు పూసిన వరసలో మాత్రం కాయలు ఎండి, గాలికి గలగలమంటున్నాయి. ఆకాశం పడమటి వైపు నల్లబడింది. ఊరిపెద్ద లచ్చుమయ్య కర్ర తాటిస్తూ మడి గట్టు మీదికి వచ్చాడు.

"ఏటే కోడలా, కుండ ఇంకా నింపలేదట. వాన తగిలితే కాయ కుళ్లిపోద్ది. వచ్చే చలికి మా పిల్లలకి ఏటి వండి పెట్టమంటావు, మబ్బునా?"

"కాయ పచ్చిగా ఉంది తాతా."

"అవి పచ్చివైతే ఇవి పండలేదా?" కర్రతో ఎండు కాయల వరస చూపించాడు. "గింజంటే గింజే. మీ అత్త కుండలో ఉండేవీ ఇలాగే నల్లగా, గుండ్రంగా ఉంటాయి."

నూకాలు ఒక కాయ నలిపి అరచేతిలో చూసింది. నిజమే. ఏ తేడా లేదు. ఉరుము వినబడింది. ఉత్త కుండతో అత్త ఎదుట ఎలా నిలబడటం అని భయం వేసి కొడవలి అందుకుంది. ఎండిన కాయలన్నీ కోసింది. చాప మీద తొక్కింది, చేటతో చెరిగింది. కుండ మెడ దాకా నిండింది.

జనం వచ్చి చూశారు. చీర మీద చీర కట్టిందని నవ్వినవాళ్లే, "పల్లపు పిల్లయినా పనిమంతురాలు," అన్నారు. ఆ ఊళ్లో ఇంటి బయట ఆమె విన్న మొదటి మంచిమాట అది.

వాన పెద్దది కాదు. అయినా దారం కట్టిన మొక్కల కాయల్లో సగం బూజు పట్టాయి. మిగిలినవాటిలో సగం పిచ్చుకలు తిన్నాయి. ఉన్నవాటికి నూకాలు పాతగుడ్డలు చుట్టి కాపలా కాసింది. వైశాఖం చివరికి అవి పండాయి. తీస్తే ఒక్క గుప్పెడు గింజ వచ్చింది.

ఆ గుప్పెడును కుండలో కలపబోయింది. కలిపేస్తే ఇక ఎవరూ వేరు చెయ్యలేరు. తప్పు కూడా గింజల్లో కలిసిపోతుంది. చెయ్యి కుండ మీద చాలాసేపు ఉంది. చివరికి ఆ గుప్పెడును విడిగా గుడ్డలో మూటగట్టి పక్కన పెట్టింది.

పున్నమికి ముందురోజు సాయంత్రం సన్యాసమ్మ, ఎర్రయ్య తిరిగొచ్చారు. తల్లీబిడ్డా క్షేమం. పుట్టింది ఆడపిల్ల. సన్యాసమ్మ కుండలో చెయ్యి పెట్టి, నిండుతనం చూసి, కోడలి బుగ్గ నిమిరింది. ఇల్లంతా జనం. చెప్పాల్సింది రేపటికి వాయిదా వేసి, నూకాలు వచ్చినవాళ్లకు అంబలి పోసింది.

తెల్లవారి కుండ అరుగు మీదికి వచ్చింది. ఊరంతా సొరబుర్రలతో చేరింది. ఆ సమయానికే ఆ దేశపు రాజు గుర్రం దిగాడు. కిందటి చలికాలం వేటకు వచ్చినప్పుడు ఆయన ఈ ఊళ్లో చలికూర తిన్నాడు. ఆ రుచి మరచిపోలేదు.

"నా ఏలుబడిలో కొండ ఊళ్లు నలభై ఉన్నాయి," అన్నాడు రాజు. "చలికాలం అక్కడ పచ్చని ఆకు దొరకదు. ఈ కుండలో సగం నాకివ్వండి, అన్ని ఊళ్లలోనూ చల్లిస్తాను. బదులుగా పై ఊట నుంచి మీ వాకిళ్ల దాకా కాలువ తవ్విస్తాను."

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోజుకు నాలుగుసార్లు కొండ ఎక్కి నీళ్లు మోసేది వాళ్లే.

"గింజ మంచిదేనా?" అని అడిగాడు రాజు.

"సన్యాసమ్మ ఇంటి గింజ ప్రభూ. అడగనక్కర్లేదు," అన్నాడు లచ్చుమయ్య.

"ఈ ఏడు నింపింది నా కోడలు. దాన్నే అడగండి," అంది సన్యాసమ్మ గర్వంగా.

నూకాలు కుండ వైపు చూసింది. తరువాత అత్త వైపు చూసింది.

"మంచిది కాదు మహారాజా," అంది.

పూల వరస పీకకుండా వదిలిన సంగతి, మబ్బు చూసి భయపడిన సంగతి, పొగిడితే పొంగిన సంగతి, అన్నీ చెప్పింది. రాజు కొన్ని గింజలు చేతిలోకి తీసుకుని చూశాడు.

"చూడ్డానికి బాగానే ఉన్నాయి."

"చూడ్డానికి ఏ గింజయినా ఒకటే మహారాజా. చలికాలం నడిమికి గానీ తెలియదు. మంచి గింజ గుప్పెడే ఉంది."

రాజు గింజలు కుండలో పోసి చేతులు దులుపుకున్నాడు. "మంచివి పండినప్పుడు కబురు పెట్టండి," అని గుర్రం ఎక్కాడు.

ఆయన గుర్రం మలుపు తిరిగింది. "కాలువ పోయింది," అన్నాడు లచ్చుమయ్య. "కాసేపు నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయిందే పిల్లా?"

అందరూ సన్యాసమ్మ ఏమంటుందా అని చూశారు. ఆమె కోడలి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది:

"ఆ గుప్పెడు ఎక్కడ పెట్టావే?"

నూకాలు మూట తెచ్చి ఇచ్చింది. సన్యాసమ్మ విప్పి, వాసన చూసి, తల ఊపింది. "తిట్టేది చాలా ఉంది. ముందు వీటికి ఎండ చూపించనీ."

తరువాత ఊరిని కూచోబెట్టి చెప్పింది. కుండలోది తిండికి మాత్రమే. ఒత్తుగా చల్లి, కాడ లేవకముందే లేత మొక్కలు పీకి తినాలి. ఒక్క గింజా తీయకూడదు. మూటలోది ఊరందరి పేరా ఒకే మడిలో వెయ్యాలి. దాని ఆకు ఎవరూ తాకకూడదు.

ఆ చలికాలం కష్టంగా గడిచింది. కుండ గింజ నలభై రోజులకే కాడలు లేపింది. పుష్యం నడిమికి కొండవాలంతా పసుపుపచ్చ. చూడ్డానికి అందం, నోట్లో పెడితే చేదు. ఊట దగ్గర నూకాలు కడవ దించితే ఆడవాళ్లు పక్కకు జరిగేవారు. "రాజుగారి కాలువ ఇటే వస్తుందంట, చూసి నడవండి," అని ఒకరు అంటే నలుగురు నవ్వేవారు.

ఇంట్లో సన్యాసమ్మ ఆ చేదాకునే చింతపండు, బెల్లం వేసి వండి కోడలికి వడ్డించేది.

"చేదుగా ఉందా?"

"లేదత్తా."

"అబద్ధం ఆడకే. నీకు రాదు."

మాఘంలో ఒకరోజు లచ్చుమయ్య తన మడి గట్టు మీద కూచుని ఆకు నమిలాడు. మింగలేక ఉమ్మేశాడు. తరువాత లేచి సన్యాసమ్మ ఇంటికి వచ్చాడు.

"ఈ గింజే రాజు చేతికి ఇచ్చుంటే నలభై ఊళ్లు ఈ చేదు తినేవి," అన్నాడు. "మన పేరు చెప్పుకుని మరీ ఉమ్మేవాళ్లు. ఏటే కోడలా, ఆ మంచి మడి కాయ కడితే పిచ్చుకలు వస్తాయా?"

"వస్తాయి తాతా."

"నా దగ్గర తప్పెట ఉంది. కాయ కట్టాక రోజూ పొద్దున్నే వచ్చి కూచుంటాను."

మాట ప్రకారమే కూచున్నాడు. ఆయన తప్పెట మోతకు పిచ్చుకలే కాదు, పక్కింటి మేకలు కూడా అటు రావడం మానేశాయి. మడిలో అన్నిటికంటే వెనక పూసిన మొక్కలకు నూకాలే దారం కట్టింది. ఆ వైశాఖంలో కుండ నిండింది. మరుసటి చలికాలం ఆ గింజ ఊరంతా చల్లారు. మంచు నెలలన్నీ ఆకు మీద ఆకు వేసింది, ఒక్క కాడ లేవలేదు. ఆ పై ఏడు రెండు కుండలు నిండాయి. అప్పుడు రాజుకు కబురు పెట్టారు.

రాజు బండి తోలించుకుని వచ్చాడు. లచ్చుమయ్య కుండ మూత తీసి చూపించబోతే వద్దన్నాడు.

"ఎవరు నింపారు?"

"నూకాలు."

"అయితే బండికెత్తండి," అన్నాడు రాజు.

బండి వెనకే పలుగూ పారా భుజాన వేసుకుని కాలువ తవ్వే కూలీలు నిలబడి ఉన్నారు. లచ్చుమయ్య వాళ్లకు పై ఊట దారి చూపిస్తూ ముందు నడిచాడు.

నీతి: తన తప్పును ఎవరూ కనిపెట్టకముందే ఒప్పుకున్నవారి మాటను లోకం మూత తీసి చూడకుండానే నమ్ముతుంది.