గుమ్మళ్ళవారి ఇల్లుబండి, బావగారి పులస

గుమ్మళ్ళవారు తెలివికి పెట్టింది పేరు. ఆ పేరు ఊరివాళ్ళు పెట్టలేదు, వాళ్ళే పెట్టుకున్నారు. తల్లి నూకాలమ్మ, పెద్దకొడుకు అబ్బులు, చిన్నకొడుకు తాతబ్బాయి రోజూ కాఫీ తాగుతూ, మనమే లేకపోతే ఈ గోదావరి ఒడ్డున తెలివన్నది ఎక్కడుండేదో అని నిట్టూర్చేవారు. ఆ తెలివితోనే పాత బస్సొకటి కొని, సీట్లు పీకించి, మంచం, ఫ్యాను, ఫ్రిజ్, మిక్సీ పెట్టించి, నెత్తిన సోలార్ ప్లేటు, అడుగున బ్యాటరీలు బిగించి ఇల్లుబండి చేయించారు.

అబ్బులుకి ఒక్కటే దిగులు. చెల్లెలు వరాలి మొగుడు గవర్రాజు మూడేళ్ళుగా వాళ్ళతో మాట్లాడటం లేదు. ఇందులో తన తప్పేముందో అబ్బులుకి ఇప్పటికీ తెలీదు. బావ కొత్తింటి గృహప్రవేశం నాడు, వచ్చినవాళ్ళ చెప్పులు బయట పెట్టించమన్నాడు బావ. అబ్బులు వాటిని గోతాలకెత్తించి, ఊరి పొలిమేర దాటించి మరీ బయట పెట్టించాడు. మే నెల ఎండలో చుట్టాలంతా గెంతుకుంటూ ఇళ్ళకెళ్ళారు. అంతే, బావ నోరు మూసేశాడు. వరాలిని పుట్టింటి గడప తొక్కనివ్వలేదు. ఇన్నాళ్ళకి వరాలే కబురంపింది, ఆయనకి పులసంటే ప్రాణం, ఒకటి తెచ్చారంటే కరిగిపోతాడని. ఇంకేముంది, నిగనిగలాడే పులసని కొని, ఫ్రిజ్‌లో పడుకోబెట్టి, ముగ్గురూ తుని దారి పట్టారు.

సగం దారిలో ఫ్యాను ఆగింది. లైటు ఆరింది. ఫ్రిజ్ గుర్రుమనడం మానేసింది. చేప పాడైతే బావ ఇక ఈ జన్మకి మాట్లాడడని అబ్బులుకి భయం పట్టుకుంది. బండి పక్కకి తీసి, బండికి కరెంటు పని చేసిన డేవిడ్రాజు మేస్త్రీకి ఫోను చేశాడు. ముందు అన్నీ ఆపెయ్యి, ఆ తర్వాత ఏం చెయ్యాలో చెబుతానన్నాడు మేస్త్రీ.

అబ్బులు అన్నీ ఆపాడు. స్విచ్చులన్నీ ఆపాడు. గోడగడియారం ఆపాడు. కూనిరాగం తీస్తున్న తమ్ముణ్ణి ఆపాడు. అన్నీ అంటే ఫోనూ అందులోదే కదా అని దాన్నీ ఆపేసి, చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. పాపం, మేస్త్రీ ఆలోచిస్తున్నట్టున్నాడులే, తొందరపెట్టకు అంది నూకాలమ్మ.

చివరికి మేస్త్రీయే తాతబ్బాయి ఫోనుకి చేసి, తిట్టాల్సినవన్నీ తిట్టి, ఇప్పుడు ఒక్కొక్కటే వేసి చూడండి, ఏది వేస్తే మొత్తం పోతుందో అదే దొంగ అన్నాడు. లైటు వేశారు, మిణుకుమిణుకుమంటూ వెలిగింది. ఫ్యాను వేశారు, మూలుగుతూ తిరిగింది. మిక్సీ వేశారు, అన్నీ ఒక్కసారే చచ్చిపోయాయి. ఇంకేముంది, దొంగ దొరికిందని అన్నదమ్ములిద్దరూ మిక్సీ మీద పడి, కాళ్ళూ చేతులూ లేవు కనక నడుముకి తాడేసి బిగించారు.

"నాకెప్పట్నించో అనుమానమేరా. గిన్నెడు కొబ్బరేస్తే గరిటెడు పచ్చడిచ్చేది" అంటూ నూకాలమ్మ దాని ఎదురుగా కాపలా కూర్చుంది.

దొంగ దొరికింది కానీ కరెంటు రాలేదు. బ్యాటరీలే ఖాళీ అయినట్టున్నాయి, పైన ప్లేటు మీద ఏమైనా అడ్డం ఉందా అని మేస్త్రీ అడిగాడు. అబ్బులుకి రోషం వచ్చింది. ఏమీ లేదు, అంత ఖరీదైన వస్తువు ఎండకి వెలిసిపోతుందని కొన్ననాడే మా అమ్మ గోనెపట్టాలు కప్పి కుట్టేసింది, దాని మీద ఈగ కూడా వాలలేదు అన్నాడు.

"నాయనా, ఆ పట్టాలు తీసెయ్యి. ఎండ తగిలితేనే నీ ఫ్రిజ్ చల్లబడేది" అన్నాడు మేస్త్రీ, ఏడుపు గొంతుతో.

అన్నదమ్ములు పైకెక్కి పట్టాలు తీశారు. అక్కడే అబ్బులుకి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఎండ తగిలితే ప్లేటు, ప్లేటు వల్ల బ్యాటరీ, బ్యాటరీ వల్ల ఫ్రిజ్, ఫ్రిజ్ వల్ల చేప చల్లబడుతుంది. చల్లబరిచేది ఎండే అయినప్పుడు మధ్యలో ఇంతమంది దళారులెందుకు? అంతే, పులసని తెచ్చి ప్లేటు మీద నిలువునా పరిచారు. చల్లదనం బాగా పట్టాలని నీడ పడకుండా కిందకి దిగిపోయారు కూడా. ఒక గద్ద వచ్చింది. చేపని తీసుకుంది. వెళ్ళిపోయింది.

విషయం విన్న మేస్త్రీ చేపని వదిలేసి కరెంటు సంగతే చెప్పాడు. మీ బావగారింటికి పోయి, అక్కడి బోర్డులో ప్లగ్గు పెట్టి బ్యాటరీలు నింపుకోండి, నేను చెప్పేదాకా ఆ తీగ పీకొద్దు, ఎవరు చెప్పినా సరే అన్నాడు.

తునిలో దిగగానే అబ్బులు ముందు ఆ పనే చూశాడు. బండిలోంచి తీగ లాగి, వీధి వాకిట్లోంచి తీసుకెళ్ళి, హాల్లో గోడకున్న స్విచ్చుబోర్డుకి ప్లగ్గు పెట్టాడు. ఎవరైనా పీకుతారేమోనని మిక్సీని కట్టిన తాడే విప్పి తెచ్చి, ప్లగ్గునీ బోర్డునీ కలిపి బిగించాడు. రెండో కొస బస్సుకి మేస్త్రీ ఏనాడో గట్టిగా బిగించే ఉంచాడు.

గవర్రాజు లోపలినుంచి వచ్చాడు. ముఖం గంటు పెట్టుకునే ఉన్నాడు కానీ కళ్ళు మాత్రం వాళ్ళ చేతుల్లో వెతుకుతున్నాయి. పక్కన వరాలు చీరకొంగు నలుపుకుంటూ నిలబడింది. చివరికి ఆయనే తగ్గాడు.

"పులస ఏదీ?" అన్నాడు.

మూడేళ్ళ తర్వాత విన్న మాట. అబ్బులుకి కళ్ళనీళ్ళొచ్చాయి.

"గద్ద పట్టుకెళ్ళింది బావా. ఇటేపే ఎగిరింది మరి. మాకంటే ముందే వచ్చుండాలే, రాలేదా?"

గవర్రాజు ఆకాశంలోకి చూశాడు. తర్వాత వాళ్ళ ముగ్గురినీ చూశాడు. బండెక్కి ఈ క్షణమే నా వీధిలోంచి పొండి అని వీధి చివరిదాకా వినబడేట్టు అరిచాడు.

బావ ఒకే పూట రెండుసార్లు నోరు విప్పాడు. ఈసారి ఆయన మాట జవదాటకూడదని అబ్బులు గట్టిగా నిర్ణయించుకున్నాడు. ముగ్గురూ ఆ క్షణమే బండెక్కారు. బండి ఉరికింది. వెనకాల ఏదో పెళపెళమంది. అద్దంలో చూస్తే గవర్రాజు పంచె ఎగ్గట్టి, చేతులు ఊపుతూ, కేకలేస్తూ పరిగెత్తుకొస్తున్నాడు, ఆయన వెనకాల వరాలు.

"ఎంత ప్రేమో చూడరా, ఆపకుండా మాట్లాడుతున్నాడు. వరాలిని కూడా మనతో పంపేస్తున్నాడు" అని నూకాలమ్మ కళ్ళొత్తుకుంది.

అంతలో ఫ్యాను మళ్ళీ ఆగింది. అబ్బులు మేస్త్రీకి ఫోను చేశాడు. తీగ గాని పీకేశారా అని అడిగాడు మేస్త్రీ.

"ఎందుకు పీకుతాం మేస్త్రీ? నువ్వు చెప్పినట్టే బోర్డులోనే ఉంది. బోర్డు మా వెనకాలే వస్తోంది."