పల్లకీ ఎక్కిన పింగాణీ

కంకణగిరి చిన్న రాజ్యమే గాని, దాన్ని ఏలే చండభాను మహారాజుగారి దర్జా మాత్రం ఆ పొలిమేరల్లో పట్టేది కాదు. ఓసారి ఓడ వర్తకులు ఆయనకు పెట్టెడు పింగాణీ పళ్ళాలు కానుకగా ఇచ్చారు. తెల్లగా, పల్చగా, అంచున నీలిపూలతో ముద్దొచ్చేలా ఉన్నాయి. ఇక అది మొదలు మహారాజుగారికి వాటి ధ్యాసే.

ఇంతలో కొండల అవతలి రాజ్యంలో ఆయన బావమరిదికి పెళ్ళి కుదిరింది. బండ్ల బిడారుతో వెళ్ళాలి, దారి పొడుగునా రాళ్ళే. నౌకర్లు ఇత్తడి పళ్ళాలు సర్దుతుంటే రాజుగారు కూడదన్నారు. ప్రతి మజిలీలోనూ తాము పింగాణీలోనే భోంచేస్తారట, చూసిన జనం నోళ్ళు వెళ్ళబెట్టాలట. అంతటితో ఆగినా బాగుండేది. తాము భోంచేసే పళ్ళెం ఏ బండివాడి వల్ల పాడైనా వాడి ఎద్దులు జప్తు అని శాసనం కూడా చేశారు.

బండివాళ్ళ పెద్ద నాగినేడు ఆ సాయంత్రమే పేరిభట్టు ఇంటికి వచ్చాడు. పేరిభట్టు ఆస్థానంలో మాటకారి. రాజుగారికి కోపం వచ్చినప్పుడు ఎదురుగా నిలబడగలిగిన మనిషి అతనొక్కడే.

"అయ్యగారూ, ఆ దారిలో బండి ఇరుసులే విరుగుతాయి. ఆ గుడ్డుపెంకు పళ్ళాలు నిలుస్తాయా? ఎద్దులు పోతే మేమేం తిని బతకాలి?" అన్నాడు నాగినేడు.

పేరిభట్టుకు కడుపు రగిలిపోయింది. ఒక్క ఎద్దు కూడా పోదని, అందుకు తాను పూచీ అని మాటిచ్చేశాడు. ఇచ్చాక గాని, ఆ మాట ఎలా నిలబెట్టుకోవాలా అన్న బెంగ పట్టుకోలేదు.

మర్నాడు కొలువులో శాసనం రద్దు చేయమని వేడుకున్నాడు. మహారాజు మీసం దువ్వుకుని, అంత జాలి ఉంటే పళ్ళాలకు నువ్వే కాపలా ఉండు, ఒక్కటి పగిలినా రాజ్యం విడిచి పోవాలి సుమా అన్నారు. సభ గొల్లుమంది. పేరిభట్టు మాత్రం నవ్వలేదు.

"చిత్తం ప్రభూ. అయితే దారిలో వాటి క్షేమం కోసం నేను చెప్పిందే జరగాలి. ఎంతటివారైనా కాదనకూడదు."

"ఓస్, అంతేనా? మేము కూడా కాదనములే" అన్నారు మహారాజు, నిండు సభలో.

ప్రయాణం నాడు రాజుగారు పల్లకీ ఎక్కబోతే లోపల చోటు లేదు. ఆయన పట్టుపరుపు మీద, ఆయన తలగడల నడుమ పింగాణీ పళ్ళాలు హాయిగా పడుకుని ఉన్నాయి. బిడారు మొత్తంలో కుదుపు లేనిది ఇదొక్కటే ప్రభూ అని పేరిభట్టు చేతులు కట్టుకున్నాడు. నిండు సభలో ఇచ్చిన మాటాయె. రాజుగారు పళ్ళు కొరుక్కుంటూ నాగినేడు బండి ఎక్కారు.

ఒక్కో రాయికీ ఆయన ఎగిరి పడుతూనే ఉన్నారు. కిరీటం చెవి మీదికి జారింది. పక్కనే నడుస్తున్న పేరిభట్టుకు జాలేసింది గాని, ఎద్దుల్ని తలుచుకుని మనసు గట్టి చేసుకున్నాడు.

మధ్యాహ్నం వాగు ఒడ్డున బిడారు ఆగింది. మహారాజుకు కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. పేరిభట్టు పళ్ళెం తీసి, తుడిచి, చదునైన చోటు కోసం వాగు ఒడ్డంతా వెతికాడు. తీరా పెట్టాక, వేడన్నం వడ్డిస్తే పల్చటి పింగాణీ పగులుతుందేమో, చల్లారాలి ప్రభూ అన్నాడు.

అక్కడ బండివాళ్ళు మోదుగాకులు కుట్టుకుని అప్పుడే తినడం మొదలుపెట్టారు. ఎద్దుల కోసం ఉడకబెట్టిన ఉలవల కట్టుతో కాచిన చారు ఘుమఘుమలు గాలికి ఇటే వస్తున్నాయి. మహారాజు కాసేపు ఓర్చుకున్నారు. తర్వాత లేచి, ఎవరి వంకా చూడకుండా వెళ్ళి వాళ్ళ పంక్తిలో కూర్చున్నారు.

నాగినేడు గబగబా ఆకు వేసి వడ్డించాడు. చారు పోయగానే అది ఆకు దాటి రాజుగారి పట్టుబట్టల మీదికి పారింది.

"అన్నం నడుమ గుంట చేసుకోవాలి దొరా" అన్నాడు నాగినేడు మెల్లగా.

మహారాజు బుద్ధిగా గుంట చేసుకున్నారు. మారు వడ్డించుకుని తిన్నారు. పట్టాభిషేకం నాటి విందులో కూడా ఆయన అంత తృప్తిగా భోంచేయలేదు. ఆయన చేయి కడుక్కుని వచ్చేసరికి, బండివాళ్ళ అలవాటు ప్రకారం నాగినేడు ఎంగిలాకు ఎద్దు ముందు వేశాడు. అది తీరిగ్గా నమలసాగింది.

పేరిభట్టు ముందుకు వచ్చి గంభీరంగా నమస్కరించాడు.

"ప్రభూ, ఘోరం జరిగింది. తమరు భోంచేసిన పళ్ళేన్ని నాగినేడు స్వయంగా ఎద్దుకు తినిపించాడు. శాసనం ప్రకారం ఎద్దుల్ని జప్తు చేయించమంటారా? లేక బిడారు ఇంటికి చేరేదాకా ఆగమంటారా? ఎందుకంటే ఇప్పుడు తమరు ఎక్కవలసింది ఆ ఎద్దుల బండే."

మహారాజు ఎద్దును చూశారు, చారు మరకను చూసుకున్నారు, నొప్పెడుతున్న నడుము మీద చేయి వేసుకున్నారు. అంతే, ఆయనకు నవ్వు పొంగుకొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వారు. నాగినేడుకు మాత్రం కళ్ళ నీళ్ళు తిరిగాయి.

శాసనం అక్కడికక్కడే రద్దయింది. మహారాజు తన శాలువా తీసి పేరిభట్టుకు కప్పారు. ఇంకేం కావాలో కోరుకోమన్నారు.

"ఎద్దులు దక్కాయి ప్రభూ, అదే పదివేలు" అన్నాడు పేరిభట్టు.

"అయితే మా కోరిక నువ్వు తీర్చు. ఆ మహాతల్లుల్ని కాస్త దింపి, మా పల్లకీ మాకు ఇప్పించు" అన్నారు మహారాజు.