కసురమ్మ గుంట

పూర్వం, ఏడు వాగులు దాటితే గాని చేరలేని ఒక ఎర్రని కొండ గర్భంలో వెలుగురాయి దొరికే కాలాన, ఆ కొండ పాదాన దీప్తిపురమనే మహానగరం వెలసింది. నూనె, వత్తి లేకుండానే చల్లని కాంతిని వెదజల్లే ఆ శిల కోసం దేశదేశాల వర్తకులు బారులు తీరి వచ్చేవారు. ఆ సంపదతో పురజనులు మేడ మీద మేడ కట్టుకుంటూ, కొండను మాత్రం లోపలినుంచి గుల్ల చేస్తూ పోయారు. దీపంతో పని లేకపోయినా బుద్ధితో పని ఉంటుందన్న సంగతి ఆ మహానుభావుల్లో ఒక్కరికీ తట్టలేదు.

తట్టినది మల్లసాని ఒక్కతెకే. గనిలో కప్పు చూసే పని ఆమెది. ప్రతి ఉదయం అందరికంటే ముందుగా లోపలికి వెళ్లి, ఇనుప పొన్ను వేసిన పొడుగాటి కర్రతో పైకప్పునూ, దాన్ని మోయడానికని తవ్వకుండా వదిలిన పన్నెండు రాతిస్తంభాలనూ తట్టి, చెవి ఒగ్గి వినేది. ఖణీమంటే పనివాళ్లు రావచ్చు. బోలుగా పలికితే ఎవరూ అడుగు పెట్టరాదు. ముప్పై ఏళ్లలో ఆ గనిలో ఒక్క ప్రాణం పోలేదు గాని, పైనుంచి రాలే పొడి పడి పడి ఆమె కళ్లు మసకబారాయి.

వచ్చిన చిక్కల్లా, మేలైన వెలుగురాయి ఆ స్తంభాల్లోనే ఉండడం. పాలకుడైన జయకేతన మహారాజుకు శయనాగారం కోసం ఒక స్తంభం కావలసివచ్చేది, వర్తకులకు మరొకటి. 'ఒక్కటే కదా' అన్న మాట విని విని మల్లసానికి విసుగు పుట్టింది. ఒకనాడు నిండు సభలో చేతులు జోడించి, "మహాప్రభూ, తమ సింహాసనానికి నాలుగు కాళ్లున్నాయి. మా ఇంట మంచం కోడు విరిగింది, ఒక్కటే కదా, ఇప్పించండి" అంది. రాజు నవ్వి ఆ ఏడాదికి ఊరుకున్నాడు. మరుసటి ఏడు మళ్లీ అదే పాట పాడాడు.

వీళ్లతో వాదించి లాభం లేదనుకుని ఆమె ఒక ఉపాయం పన్నింది. పన్నెండు స్తంభాలకూ పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఇవి కొండను కాచే పన్నెండుగురు అక్కచెల్లెళ్లని చాటింది. రాజంతటివాడు పాదుకలు విడిచి వచ్చి మొక్కాడు. స్తంభాల జోలికి ఇక గునపం రాదని తెలిసి, ఆమె ఎన్నాళ్లకో కంటినిండా నిద్రపోయింది.

ఆ సుఖం ఏడాది తిరగకుండానే తీరిపోయింది. జ్వరం వచ్చిన బిడ్డ కోసమని ఒక తల్లి స్తంభం నుంచి చిన్న పెచ్చు గీకి ప్రసాదంగా తీసుకుపోయింది. బిడ్డ తేరుకుంది. అంతే, సంతానం లేనివారూ, పెళ్లి కుదరనివారూ, ఆవు తప్పిపోయినవారూ ఉలులు పట్టుకుని బయలుదేరారు. గునపంతో కొడితే పాపమని ఒప్పుకున్నవాళ్లే, భక్తిగా గీకితే దోషం లేదని తమకు తామే తీర్పు చెప్పుకున్నారు. స్తంభాల నడుములు సన్నబడుతుంటే మల్లసాని దారికి అడ్డంగా నిలబడి, "అమ్మవార్లూ కాదు, ఏమీ కాదు. ఆ పసుపు పూసింది నేనే" అని నిజం చెప్పేసింది. జనం ఆమె తరఫున లెంపలు వేసుకుని, తల్లీ క్షమించమని మొక్కి, మరో పెచ్చు గీక్కుని పోయారు. ఇటువంటివారిని ఏమనాలో నాకూ తోచదు.

ఆ పన్నెండుగురు అమ్మవార్ల జాతరనాటి ఉదయాన తన ఇంట్లోనే, ఉట్టి కుండ వెనక నిమ్మకాయంత పెచ్చు ఆమె చేతికి తగిలింది. తెచ్చినవాడు గనిలో రాయి కొట్టే ఆమె పెనిమిటి సిద్ధన్న.

"నీ కండ్ల కోసమేలేవే. చూపు తిరిగొస్తాదని అందరూ అంటాంటే, ఏడో అమ్మ కాడ తెచ్చినా" అన్నాడు.

"ఊరందరికీ చెప్పి చెప్పి నా నోరు నొచ్చిపాయ, నువ్వు కూడానా? ఎక్కడిది అక్కడ పెట్టిరా పో" అని కసిరింది.

ఆమె కాపురానికి వచ్చిన నాటినుంచి ఏ మాటా రెండుసార్లు చెప్పించుకోనిదే కదలని సిద్ధన్న, ఆ రోజు మారుమాట లేకుండా వెళ్లాడు.

కాసేపటికి మల్లసాని గనికి చేరేసరికి, ఆమె కప్పు చూసేదాకా ఆగకుండానే లోపల ఇసుక వేస్తే రాలనంత జనం చేరారు. ఆమె కప్పును తట్టింది, బోలుగా పలికింది. బయటికి పొమ్మని గొంతు చించుకున్నా, ప్రసాదం అందగానే పోతామన్నారే గాని ఒక్కడూ కదల్లేదు. చివరికి, అమ్మవార్లు అలిగి కొండ వెలుపలికి వెళ్లిపోయారనీ, ప్రసాదం అక్కడే పెడుతున్నారనీ కేకవేసింది. నిజానికి కదలని జనం అబద్ధానికి పరుగు తీశారు. మసక కళ్లకు లోపల ఇంకెవరూ కనబడక, అందరి వెనుకగా ఆమె వెలుపలికి వచ్చి, సిద్ధన్న ఎక్కడని అడిగింది.

"ఏడో అమ్మ కాడే ఉండాడక్కా" అంది పూలమ్మే ఆమె. "పెచ్చును మళ్లీ అతికిస్తా ఉండాడు. నువ్వే పెట్టమన్నావంట కదా."

మల్లసాని వెనుదిరిగింది. ఆమె ద్వారం చేరకముందే కొండ కుంగిపోయింది.

ఆ క్షణానే దీప్తిపురంలో ప్రతి ఇంటా వెలుగురాళ్లు ఆరిపోయాయి. వర్తకులు రావడం మానేశారు, మేడలు పాడుపడ్డాయి, రాజు కూడా మూట కట్టుకున్నాడు. ఊరు విడిచేముందు ఒక్కొక్కరే సిగ్గుతో తమ పెచ్చులను తెచ్చి, కొండ కుంగినచోట ఏర్పడిన గుంటలో వేశారు. గుంట ఒడ్డున నిలబడిన మల్లసాని రాజనీ పేదనీ చూడకుండా, "ఇప్పుడా తెచ్చేది?" అని ప్రతి ఒక్కరినీ కసిరింది. మొగుణ్ణి కసిరిన నోటిని ఆమె క్షమించలేకపోయింది, ఆ నోటితో మరో మాట పలకలేదు. బతికినంతకాలం అక్కడినుంచి కదలనూ లేదు. ఆమె పోయాక, ఆమె నిలబడిన తావున వెలసిన శిలను జనం కసురమ్మగా కొలిచారు.

ఈనాటికీ అక్కడ ప్రసాదం పెట్టరు. వచ్చినవారే ఇంటినుంచి ఒక రాయి తెచ్చి గుంటలో వేయాలి. పూజారిగా ఉండే స్త్రీ "ఇప్పుడా తెచ్చేది?" అని కసురుతుంది, ఆ కసురే దీవెన. ఆలుమగలు కలిసి వస్తే మాత్రం ఆమె కసరదు. మగని చేతిలోని రాయిని తానే అందుకుని గుంటలో వేస్తుంది. అతన్ని ఒడ్డు దాకా పోనివ్వదు.