మూడుసార్లు వెనక్కి తిరిగిన పడవ

మీరు ఊఁ కొడతానంటే నేను చెబుతాను. సముద్రం అవతల కూర్చుని రాణీగారు ఈ దేశాన్ని ఏలే రోజులు. పెదలంక రేవును మాత్రం లోవమ్మ ఏలేది. తల్లి పోతూ పోతూ పడవా, దాన్ని నెట్టే గడా ఆమె చేతిలో పెట్టింది.

మేనమామ భద్రయ్యకి అది నామోషీ. ఊరూరా తిరిగి సంబంధాలు వెతికాడు. పెళ్ళిచూపులకు ఎవరొచ్చినా ఏరు దాటాలి. దాటాలంటే లోవమ్మ పడవే ఎక్కాలి. పిల్లకు పడవ ఉందని విని వచ్చినా, ఆమె పట్టుచీర కట్టుకుని ఇంట్లో కూర్చుని ఉంటుందనుకునేవాళ్ళు గానీ, గడ వేస్తున్నది ఆమేనని ఎవరికీ తట్టేది కాదు.

మొదట ఒక ఎడ్ల వ్యాపారి తన కొడుకును వెంటబెట్టుకొచ్చాడు. ఏటి నడుమ లోవమ్మ అడిగింది.

"పెళ్ళయ్యాక ఆ పిల్ల గడ ఎవరిదండీ?"

"మాదే. పడవతో సహా అమ్మేసి దూడల్ని కొంటాం" అన్నాడు వ్యాపారి.

లోవమ్మ పడవ వెనక్కి తిప్పింది. ఎక్కిన రేవులోనే దింపింది.

తర్వాత బడిపంతులు వచ్చాడు. ఒడ్డు నుంచీ స్త్రీవిద్య గురించి చెబుతూనే ఉన్నాడు. ఏటి నడుమ లోవమ్మ అదే మాట అడిగింది.

"గడ దేనికి? నేను చదువుకుంటుంటే విసనకర్ర పట్టుకుంటే చాలదూ?"

లోవమ్మ పడవ వెనక్కి తిప్పింది. ఎక్కిన రేవులోనే దింపింది.

మూడోవాడు దొర బంగళాలో బట్లరు. ఆ పిల్ల ఎవరో ఆరా తీసి మరీ వచ్చాడు. మీద కోటు, చేతిలో గులాబీ. దొర ఒకనాడు దొరసాని ముందు మోకాలు నేలకానించి పువ్వివ్వడం కిటికీలోంచి చూశాడట. ఏటి నడుమ లోవమ్మ అడిగింది.

"పెళ్ళయ్యాక నా గడ ఎవరిదండీ?"

"నీదీ నాదీ అని వేరే ఉంటుందా? నీదంతా నాదే" అంటూ పడవ అంచున మోకాలు ఆనించాడు. పడవ ఒరిగింది. కోటుతో సహా నీళ్ళలో పడ్డాడు.

లోవమ్మ గడ చాపింది. "పట్టుకోండి. ఒడ్డు చేరేదాకా మీదే" అంటూ పడవ వెనక్కి తిప్పింది.

భద్రయ్య రేవులోకొచ్చి చిందులు తొక్కాడు.

"ఇక నిన్నెవడు చేసుకుంటాడే?"

"'గడ నీదే' అని నాతో అన్నవాడు. ఈలోగా నీకు సంతకు ఆలస్యమవుతోంది. ఎక్కు మామయ్యా."

వేరే పడవ లేదు. ఎక్కాడు.

అలాంటివాడు వచ్చాడని కొందరంటారు, రాలేదని కొందరంటారు. లోవమ్మ మాత్రం జుట్టు తెల్లబడేదాకా గడ వేసింది.

ఇప్పుడక్కడ వంతెన ఉంది. అయినా పెళ్ళిచూపులకొచ్చే మగపెళ్ళివారిని పెదలంక ఆడవాళ్ళు వంతెన నడుమ ఆపుతారు. "గడ ఎవరిది?" అని అడుగుతారు. "పిల్లదే" అంటే దారి వదులుతారు. నీళ్ళు నమిలితే, కారు వెనక్కి తిప్పుకోవడానికి ఎంత చోటు కావాలో అంత చోటిస్తారు.